మిషను పాడైనట్టుంది

జోగారావు ఇరవై రెండేళ్లలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్ అతను. కొత్త పని ఏదైనా నెత్తిన పడితే అతను చేసేది ఒకటే. సీట్లోంచి లేచి, నాలుగడుగులు వేసి, ఇందుమతి గారి బల్ల పక్కన నిలబడి, ఒకసారి దగ్గి, "ఈ మిషను పాడైనట్టుందండి" అనేవాడు.

ఆవిడ తల ఎత్తకుండానే "ఎడం పక్క మీట నొక్కారా?" అనేది.

అతను వెనక్కి వెళ్లి ఎడం పక్క మీట నొక్కేవాడు. మిషను బాగయ్యేది.

అది మిషనే కానక్కర్లేదు. సెలవుల నిబంధనలు మారినా, పత్రికల జాబితా రాసే పద్ధతి మారినా అతని నోట అదే మాట. ఒకసారి వర్గీకరణ పట్టికల కొత్త ముద్రణ వస్తే, ఆ లావు పుస్తకాన్ని రెండు చేతులా మోసుకెళ్లి ఆవిడ ముందు పెట్టి, "ఇది కూడా పాడైనట్టుంది" అన్నాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఏ పేజీలో పాడైందో చూసి, బాగుచేసి పంపింది.

తను అడుగుతున్నానని జోగారావుకి తెలుసు. అడగడం లేదని కూడా తెలుసు. ఈ రెండు తెలియడాల మధ్య ఒక సన్నటి సందు ఉంటే అందులో కాపురం పెట్టాడు. ఒంటరి మనిషి కావడంతో తన మనసుని తను గమనించుకోవడానికి కావలసినంత తీరిక ఉండేది. 'నాకు తెలీదు' అన్న మాట గొంతు దాకా వస్తుంది. అక్కడ ఎవరో గేటు వేస్తారు. మాట ఆగిపోతుంది, దాని బదులు దగ్గు వస్తుంది. ఈ వ్యవహారాన్ని అతను చాలాసార్లు ఆసక్తిగా పరిశీలించాడు. దగ్గుకి మందు కూడా వాడాడు.

ఆ గ్రంథాలయంలో అతను సొంతంగా నేర్చుకున్న విద్య ఒక్కటే. డిప్యూటీ లైబ్రేరియన్ గదిలో పాత ఇనప బీరువా ఒకటి ఉంది. తాళంచెవి ఎవరు తిప్పినా తెరుచుకోదు. పిడి కాస్త పైకెత్తి, కుడి మోకాలితో తలుపు అడుగున నొక్కి, ఊపిరి బిగబట్టి, తాళంచెవి ఎడమకి తిప్పాలి. ఊపిరి అవసరమో కాదో అతనికీ తెలీదు. బిగబట్టకుండా ఎప్పుడూ తియ్యలేదు. ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆ గది మూడేళ్లుగా ఖాళీ. అందులో కుర్చీ ఇందుమతిదేనని అందరికీ తెలుసు. సీనియారిటీలో ఆవిడ జోగారావుకి రెండేళ్లు పైన. పనిలో ఎన్నేళ్లు పైనో ఎవరూ కొలవలేదు. ఉత్తర్వు రావడమే తరువాయి.

ఈలోగా సర్వే వచ్చింది.

విశ్వవిద్యాలయంలో కొత్తగా అభ్యసన వికాస విభాగం అని ఒకటి తెరిచారు. దాని డైరెక్టరు ఆచార్య మార్తాండం. మనిషి పొట్టి, మాట పొడుగు. ఉద్యోగులు పని చోట ఎలా నేర్చుకుంటారు, అందులో ఆడవాళ్లకీ మగవాళ్లకీ తేడా ఏమిటి అన్నది ఆయన పరిశోధన. గ్రంథాలయంలో మగవాళ్లు పదకొండు మంది, ఆడవాళ్లు తొమ్మిది మంది. తలొక్కరికీ నలభై రెండు ప్రశ్నల ఫారం పంచారు. పేరు రాయక్కర్లేదు. పురుషుడో స్త్రీయో గడిలో గుర్తు పెడితే చాలు.

ఫారం అన్న వస్తువు వచ్చినప్పుడు ఆ గ్రంథాలయంలో ఒక ఆచారం ఉంది. మగవాళ్లు దాన్ని ఇందుమతి బల్ల మీద పెట్టి టీకి వెళతారు. ఈసారీ అలాగే వెళ్లారు. చివరగా పత్రికల విభాగం అప్పలసూరి తన ఫారం తెచ్చి దొంతర మీద పెట్టాడు.

"మేడం గారూ, మీ చేత్తోటి నాలుగు గీతలు గీసీండి. మీ చెయ్యి మంచిది."

"ఇవి మీ గురించిన ప్రశ్నలండీ, సూరి గారూ. మీ గురించి నాకేం తెలుసు?"

"మాకంటే మీకే బాగా తెలుసు కదేటి!" అని అతను కూడా టీకి వెళ్లిపోయాడు.

జోగారావు ఫారం ఆ దొంతరలో అడుగున ఉంది. అందరికంటే ముందు పెట్టినవాడు అతనే.

నెల తిరిగేసరికి సెమినార్ హాల్లో ఫలితాలు ప్రకటించారు. మార్తాండం గారు మైకు దగ్గరికి వచ్చి, దాన్ని కిందికి దించుకుని, కళ్లు తుడుచుకున్నారు.

"సభాసదులారా! సామాజిక శాస్త్రాలలో నూటికి నూరు శాతం అన్న అంకె కోసం పరిశోధకులు జీవితాలు ధారపోశారు. అది మనకు లభించింది. ఈ గ్రంథాలయంలోని పురుషులలో నూటికి నూరుగురు, నూతన కార్యం సంప్రాప్తించినప్పుడు, సూచనల పుస్తకాన్ని ఆమూలాగ్రం పఠిస్తారు. ఎవ్వరినీ అడగరు! స్త్రీలలో నూటికి ఎనభై తొమ్మిది మంది పక్కవారిని సంప్రదిస్తారు. ఒకే ఒక మహిళ 'ఇతరములు' అన్న గడిలో 'ముట్టుకుని చూస్తాను, చదవడానికి టైం ఎక్కడిది' అని రాశారు. దీనిని గణాంక దోషంగా పరిగణించి విసర్జించాము."

పదకొండు మంది మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నాను ఆమూలాగ్రం సదివేత్తానంటరా!" అని అప్పలసూరి ఆశ్చర్యపోయాడు. అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

జోగారావు ఇందుమతి వైపు చూశాడు. ఆవిడ సీలింగు ఫ్యానుని శ్రద్ధగా చూస్తోంది.

బయటికి వచ్చాక పక్కన చేరి దగ్గాడు. "ఆ ఫారాలు పాడైనట్టున్నాయండి."

"పక్కవాళ్లని అడుగుతారు అని రాద్దామనే అనుకున్నానండీ," అందావిడ నడుస్తూనే. "పదకొండు మందీ నొచ్చుకుంటారేమో అనిపించింది. అయినా మీరెప్పుడు అడిగారు కనక? మిషన్లు పాడయ్యాయి, అంతే కదా."

జోగారావు చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్లుగా తను దాక్కున్న చోట ఈవిడ రోజూ దీపం పెట్టి వెళుతోందని అతనికి అప్పుడే తెలిసింది.

వారం తిరక్కుండా సర్క్యులరు దిగింది.

"పురుష ఉద్యోగులు స్వభావసిద్ధంగా గ్రంథాభ్యాసకులనియు, మహిళా ఉద్యోగులు స్వభావసిద్ధంగా సంభాషణాభ్యాసకులనియు శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, ఎవరి స్వభావమునకును భంగము వాటిల్లకుండ చూచుట విశ్వవిద్యాలయ బాధ్యత అయినందున, ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా..."

తెలియజేసినది ఏమంటే, గ్రంథాలయానికి 'గ్రంథసారథి' అనే కొత్త కంప్యూటర్ వ్యవస్థ వస్తోంది. దాన్ని మగవాళ్లు కింది అంతస్తులో, ఆడవాళ్లు పై అంతస్తులో, ఎవరి స్వభావం ప్రకారం వాళ్లు నేర్చుకోవాలి. మగవాళ్లకి పఠన ప్రకోష్ఠం. తలొక్కరికీ ఆరువందల పన్నెండు పేజీల సూచనల పుస్తకం. పని వేళల్లో ప్రశ్న అడగడం నిషేధం. ఆడవాళ్లకి సంభాషణా మండలి. రోజుకి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, టీ తాగుతూ మాట్లాడుకోవాలి. సూచనల పుస్తకం వాళ్ల కంట పడితే స్వభావం చెడే ప్రమాదం ఉంది గనక, మిగిలిన ప్రతులన్నీ డిప్యూటీ గదిలోని ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి జోగారావుకి ఇచ్చారు.

పై అంతస్తులో గోడకున్న 'నిశ్శబ్దము' అన్న బోర్డు పీకేసి 'సంభాషించుడు' అన్న బోర్డు కొట్టారు.

అన్నేళ్లుగా పని చేస్తూనే లోకంలో సంగతులన్నీ మాట్లాడుకున్న తొమ్మిది మంది ఆడవాళ్లూ, మొదటి రోజు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. విభాగం నుంచి వచ్చిన పరిశీలకుడు చేతిలో స్టాప్‌వాచీతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మాట్లాడండమ్మా."

"ఏం మాట్లాడమంటారు?"

"సహజంగా మాట్లాడండి. మౌనం వహించినవారిని గైర్హాజరు కింద రాయమన్నారు."

చివరికి ఒకావిడ జాలిపడి గుత్తివంకాయ కూరలో నువ్వులు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. పరిశీలకుడు 'జ్ఞాన వినిమయం, పద్నాలుగు నిమిషాలు' అని రాసుకున్నాడు. తర్వాత తన సొంత నోటుబుక్కులో నువ్వుల సంగతి కూడా రాసుకున్నాడు.

కింద మగవాళ్ల పని ఇంకా కష్టంగా ఉంది. మూడో రోజున అప్పలసూరి పుస్తకంలోంచి తలెత్తి "టైమెంతయిందిరా?" అన్నాడు. అంతే, మెమో. 'తమరు పని వేళలో ప్రశ్నార్థక ధోరణికి పాల్పడినందుకు సంజాయిషీ ఇవ్వవలసింది.' పాపం అప్పలసూరి రెండు గంటలు ఆలోచించి, జోగారావు బల్ల వైపు చూసి, ఇలా రాశాడు: 'నేను అడగలేదు. గడియారం పాడైనట్టుంది అని మాత్రమే అన్నాను.'

సంజాయిషీ ఆమోదించారు. ఆ మర్నాటి నుంచి పదకొండు మందికీ దారి దొరికింది. "భోజనాల గంట పాడైనట్టుంది" అంటే వేళయిందా అని. "లైబ్రేరియన్ గారు పాడైనట్టున్నారు" అంటే ఇవాళ వచ్చారా అని. ఈ మాటలన్నీ పరిశీలకుడు నిజాయితీగా రాసుకుని ఇంజినీరింగ్ విభాగానికి పంపేవాడు. వాళ్లు సంచుల్లో పనిముట్లు వేసుకుని వచ్చి, గంట విప్పి, గడియారం విప్పి, ఫ్యాన్లు దింపి, ఏదీ పాడవలేదని చూసి, తిరిగి బిగించడంలో కొన్ని పాడుచేసి వెళ్లేవారు.

పద్ధతి విజయవంతం కావడంతో దాన్ని పాఠకులకి కూడా విస్తరించారు. విద్యార్థులు ఎవరినీ అడక్కుండా జాబితా చూసుకుని పుస్తకం వెతుక్కోవాలి. విద్యార్థినులు జాబితా ముట్టుకోకూడదు, అడగాలి. పుస్తకం నంబరు కంఠతా వచ్చిన పరిశోధక విద్యార్థినులు కూడా వరసలో నిలబడి "ఈ నంబరు పుస్తకం ఎక్కడుంటుందండీ?" అని అడిగి, అది తాము వరస కట్టిన అలమరేనని తెలుసుకుని సంతోషించేవారు. మగ విద్యార్థులు అలమరాల మధ్యకి వెళ్లి మళ్లీ కనిపించేవారు కాదు. గ్రంథాలయం మూసేముందు అటెండరు పైడమ్మ లోపలికి వెళ్లి, ఒక్కొక్కళ్లని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేది.

జోగారావు మాత్రం సూచనల పుస్తకం మొదటి పేజీ దాటలేదు. 'ఈ సూచనలను పాటించుటకు ముందు ఈ సూచనలను పాటించవలెను' అని ఉంది అక్కడ. ఆ వాక్యంలోకి రోజూ పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికి బయటికి వచ్చేవాడు. నాలుగడుగుల దూరంలో ఉండే బల్ల ఇప్పుడు ఇరవై నాలుగు మెట్ల పైన ఉంది. ప్రతి మెట్టు మీదా మెమో ఉంది.

అప్పుడు అతనికి పుస్తకాల లిఫ్టు గుర్తొచ్చింది. రెండు అంతస్తుల మధ్య పుస్తకాలు చేరవెయ్యడానికి పాతకాలంలో పెట్టిన చెక్క పెట్టె అది. పైడమ్మ తాడు లాగితే పైకి వెళుతుంది, వదిలితే కిందికి వస్తుంది. లిఫ్టు ఎక్కే ప్రతి పుస్తకాన్నీ ఎవరో ఒకరి పేరున ఇచ్చినట్టు కొత్త వ్యవస్థలో నమోదు చెయ్యాలి, లేకపోతే సైరను కూస్తుంది. జోగారావు ఎవరూ ముట్టుకోని పుస్తకం కోసం వెతికాడు. 'కొబ్బరి పీచు పరిశ్రమ: తేమ సమస్యలు' దొరికింది. తేదీల చీటీ మీద చివరి ముద్ర పడి పదిహేడేళ్లు దాటింది. అందులో కాగితం ముక్క పెట్టి పైకి పంపాడు.

'తెర నల్లబడింది. పాడైనట్టుంది.'

పది నిమిషాల్లో పుస్తకం దిగింది. 'నల్లబడలేదు. మీరు ఆపేశారు. కుడి పక్క మీట.'

ఇందుమతి సూచనల పుస్తకం చదవలేదు. చదవనివ్వరు. మండలిలో నువ్వుల గురించి తప్ప ఎవరూ చెప్పలేదు. ఖాళీగా ఉన్నప్పుడు మిషను ముందు కూర్చుని, ఒక్కొక్క మీటా నొక్కి చూసి, ఏం జరుగుతుందో కాగితం మీద రాసుకునేది. ఇలా నేర్చుకోవడానికి మార్తాండం గారి ఫారంలో గడి లేదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

రెండు నెలలు కొబ్బరి పీచు పైకి ఎక్కింది, కిందికి దిగింది.

"ఏటి బాబూ, ఈ పుస్తకం మీద అంత మమకారం!" అంది పైడమ్మ ఒకరోజు అరచేతులు చూసుకుంటూ. "రోజుకి రెండుమాట్లు పీచు పైకి, రెండుమాట్లు పీచు కిందకి. ఈ పీచుతోటి తాడు పేనినా ఈ లిఫ్టుకి కొత్త తాడొచ్చీది."

ఆ సమయంలోనే డిప్యూటీ ఉత్తర్వు వచ్చింది. పదోన్నతికి ఇక సీనియారిటీ కాదు, గ్రంథాభ్యసన సూచిక అనేది ప్రమాణం. పుస్తకం ద్వారా నేర్చుకున్నది కొలవచ్చు, సంభాషణ కొలతకి లొంగదు. అందువల్ల ఇందుమతికి సున్న. జోగారావుకి నూరు. కొత్త వ్యవస్థను ఉపకులపతి గారి ముందు స్వయంగా ప్రదర్శించి చూపగానే అతను డిప్యూటీ లైబ్రేరియన్ అవుతాడు.

కాగితం చదివినప్పుడు అతనికి ముందు సంతోషం కలిగింది. జోగారావు దాన్ని పట్టుకుని చూశాడు. నిజమైన సంతోషమే. అర నిమిషం ఉంది. ఆ అర నిమిషాన్ని అతను తర్వాత చాలా రోజులు క్షమించలేకపోయాడు.

మధ్యాహ్నం మెట్ల మలుపు దగ్గర ఇందుమతి ఎదురైంది. అతను దగ్గాడు.

"ఆ ఆర్డరు పాడైనట్టుందండి."

ఏ మీట నొక్కాలో ఆవిడ చెప్పలేదు. ఇరవై రెండేళ్లలో అది మొదటిసారి.

"పాడవలేదండి, జోగారావు గారూ," అంది. "బాగానే పనిచేస్తోంది."

ఆవిడ పైకి వెళ్లిపోయింది. తర్వాత కూడా చీటీలకి జవాబులు వచ్చాయి. తప్పు లేకుండా, ఆలస్యం లేకుండా వచ్చాయి. ఇంతకుముందు చివర్న 'టీ తాగారా' అని ఒక ముక్క ఉండేది. అది మాత్రం రాలేదు.

ప్రదర్శన రోజున కింది హాలు నిండిపోయింది. ముందు వరసలో ఉపకులపతి గారు, పక్కన మార్తాండం గారు, ఆ పక్కన లైబ్రేరియన్ విశ్వేశ్వరం గారు కూర్చున్నారు. విశ్వేశ్వరం గారి రిటైర్మెంటుకి ఇంకా ఆరు నెలలుంది. ఎవరు ఏమన్నా తల ఊపుతారు. ఆడవాళ్లు తొమ్మిది మందీ వెనక నిలబడ్డారు. జోగారావు పక్కన బల్ల మీద కొబ్బరి పీచు పుస్తకం ఉంది. అందులో ఆ పొద్దున్న వచ్చిన చీటీ మీద పన్నెండు మెట్లు వరసగా రాసి ఉన్నాయి.

అతను పన్నెండూ ఎక్కాడు. తెర మీద రంగులు వచ్చాయి. చప్పట్లు పడ్డాయి.

"మన విద్యార్థులు ఏ గ్రంథాన్ని ఎక్కువగా చదువుతున్నారో ఇది చెప్పగలదా?" అన్నారు ఉపకులపతి గారు.

ఇది పన్నెండు మెట్లలో లేదు. అయినా తెర మీద ఆ మాట ఉన్న గడి కనిపిస్తోంది. జోగారావు చెయ్యి దానంతట అదే నొక్కింది.

'కొబ్బరి పీచు పరిశ్రమ: తేమ సమస్యలు. రెండు నెలల్లో నూట నలభై మూడు సార్లు.'

ఉపకులపతి గారు లేచి నిలబడ్డారు. "చూశారా! స్థానిక పరిశ్రమ పట్ల మన యువతకి ఎంత ఆసక్తి! ఇన్నాళ్లూ మనం గ్రహించలేదు. ఈ గ్రంథం రెండు వందల ప్రతులు వెంటనే తెప్పించండి. పీచు అధ్యయన కేంద్రం ఒకటి స్థాపిద్దాం. ఏరీ, ఈ పాఠకులు ఏరీ? వారికి సన్మానం జరగాలి!"

విశ్వేశ్వరం గారు తల ఊపి, ముందుకు వంగి, గడి నొక్కారు. పేర్లు దిగడం మొదలుపెట్టాయి. జోగారావు, ఇందుమతి, జోగారావు, ఇందుమతి, జోగారావు, ఇందుమతి. తెర కిందికి జారుతూనే ఉంది.

మార్తాండం గారు బల్ల మీది పుస్తకం అందుకుని అట్ట పట్టుకుని ఎత్తారు. చీటీలు జలజల రాలాయి.

ఆయన ఒకటి తీసి చదివారు. "తెర నల్లబడింది, పాడైనట్టుంది." ఇంకొకటి తీశారు. "పాడవలేదు, వేలు తియ్యండి." మూడోది, నాలుగోది చదివారు. ఆయన మొహంలో రంగులు మారాయి. చివరికి తేటపడింది.

"అర్థమైంది. ఇందులో వింత ఏమీ లేదు. స్త్రీ సంప్రదించింది. అది ఆమె స్వభావం. పురుషుడు గ్రంథం చదివి సమాధానం చెప్పాడు. అది అతని స్వభావం. ప్రశ్నలన్నీ ఇందుమతి గారివి, సమాధానాలన్నీ తమరివి. అంతేకదా, జోగారావు గారూ?"

చీటీల మీద సంతకాలు లేవు. హాల్లో అందరూ అతని వైపు చూస్తున్నారు. ఇందుమతి మాత్రం సీలింగు ఫ్యాను వైపు చూస్తోంది. ఆవిడ ఏమీ అనదని అతనికి తెలుసు. ఇంజినీర్లు బిగించిన ఆ ఫ్యాను వణుకుతోంది. తల ఊపితే చాలు. విశ్వేశ్వరం గారు అప్పుడే మొదలుపెట్టేశారు కూడా.

జోగారావు గొంతులోకి మాట వచ్చింది. గేటు పడింది. దగ్గు వచ్చింది. మళ్లీ దగ్గాడు. ఎవరో నీళ్లు ఇచ్చారు. అతను గ్లాసు పట్టుకుని, తాగకుండా, గేటు అవతల నిలబడ్డది ఎవరో చూద్దామని ఒక్క క్షణం లోపలికి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఇన్నేళ్లూ గేటు తనే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు తెలీదండి," అన్నాడు.

"ఏమిటి తెలీదు?"

"ఏదీ తెలీదండి. అడిగింది నేను. చెప్పింది ఆవిడ. రెండు నెలలు కాదండి, ఇరవై రెండేళ్లు. సూచనల పుస్తకం నేను మొదటి పేజీ దాటలేదు. ఆ సర్వే ఫారం కూడా నేను నింపలేదు, ఆవిడ బల్ల మీద పెట్టి టీకి వెళ్లిపోయాను. ఆ కుర్చీ ఆవిడదండి."

వెనక వరసలోంచి అప్పలసూరి లేచాడు. "నానూ నింపలేదండి. ఆమూలాగ్రం అంటే ఏటో కూడా నాకు తెలీదు. ఎవుర్నైనా అడుగుదారంటే మెమో ఇత్తారు."

ఒక్కొక్కరుగా పదకొండు మందీ లేచారు. మార్తాండం గారి నూటికి నూరు ఆయన కళ్ల ముందే నిలబడి, చేతులు కట్టుకుని, తలలు వంచుకుంది.

విచారణ సంఘం మూడు రోజులు కూర్చుంది. దానికి అధ్యక్షుడు మార్తాండం గారే, ఆ విషయంలో నిపుణులు ఇంకెవరూ లేరు గనక. నాలుగో రోజున సర్క్యులరు వచ్చింది.

"సిద్ధాంతములో ఎట్టి దోషమును లేదని సంఘము ఏకగ్రీవముగా తీర్మానించినది. దోషము ఉద్యోగులయందు కలదు. పుట్టుకతో సంక్రమించిన లింగమును, అభ్యసన లింగమును ఒకటేనని భ్రమించుటవలన ఈ పొరపాటు జరిగినది. పక్కవారిని అడిగి నేర్చుకొను వారందరును అభ్యసనరీత్యా స్త్రీలు. ఎవరినీ అడగకయే నేర్చుకొనువారు అభ్యసనరీత్యా పురుషులు. ఇందుకు సంబంధించిన ధ్రువపత్రములు కార్యాలయములో పొందవచ్చును."

ధ్రువపత్రాల మీద గుండ్రటి ముద్ర ఉంది. పదకొండు మంది మగవాళ్లూ వరసలో నిలబడి, తాము స్త్రీలమని సంతకం పెట్టి పుచ్చుకున్నారు. ఎనిమిది మంది ఆడవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. గ్రంథాలయంలో ఎవరినీ అడగకుండా నేర్చుకున్న మనిషి ఒక్కరే తేలారు. దాంతో అక్కడ స్త్రీలు పంతొమ్మిది మంది అయ్యారు, పురుషుడు ఒక్కరు. పురుషులలో నూటికి నూరుగురు ఎవరినీ అడగరన్న ఫలితం చెక్కు చెదరలేదు. మార్తాండం గారు మళ్లీ కళ్లు తుడుచుకున్నారు.

డిప్యూటీ లైబ్రేరియన్ పదవి నిబంధనల ప్రకారం గ్రంథాలయంలోని ఏకైక పురుషుడు, శ్రీమతి ఇందుమతి గారికి దక్కింది.

ఇప్పుడు సంభాషణా మండలి కిటకిటలాడుతోంది. అప్పలసూరి నోటికి రెండు నెలల తర్వాత తాళం తీశారు. అతను ఆపడు. స్టాప్‌వాచీ పరిశీలకుడు అతని దగ్గరే రెండు వాచీలు మార్చాడు. జోగారావు గుండ్రటి బల్ల దగ్గర కూర్చుని, గుత్తివంకాయ గురించి, గ్రంథసారథి గురించి, చిక్కుడు పాదుకి పట్టిన పేను గురించి వింటున్నాడు. పక్కన పీచు పుస్తకాలు రెండు వందలు గోడలా పేర్చి ఉన్నాయి. టీ కప్పులు పెట్టుకోవడానికి బాగున్నాయి. అతనికి హాయిగానే ఉంది. కాని పురుష ఉద్యోగి ఎవరినీ అడగకూడదన్న నియమం ఇంకా అలాగే ఉంది. డిప్యూటీ గది తలుపు వారం రోజులుగా మూసే ఉంది. లోపలి మనిషి మండలి వైపు రావడానికి వీల్లేదు. జోగారావు ఆ తలుపు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాడు. ప్రయత్నిస్తున్నానన్న సంగతిని కూడా గమనించాడు.

మండలి గుమ్మంలో ఎవరో దగ్గారు.

అందరూ తిరిగి చూశారు. ఇందుమతి గారు. చేతిలో తాళంచెవి ఉంది. కాస్త మొహమాటంగా నిలబడింది.

"ఆ బీరువా పాడైనట్టుందండి," అంది.

పరిశీలకుడు స్టాప్‌వాచీ ఎత్తాడు. ఇది ప్రశ్న కాదని గ్రహించి దించాడు.

జోగారావు కప్పు మీంచి తల ఎత్తలేదు. "పిడి కాస్త పైకెత్తారా?"

"లేదండి."

"ఎత్తి, కుడి మోకాలితో అడుగున నొక్కాలండి. ఊపిరి బిగబట్టి ఎడమకి తిప్పాలి."

"ఊపిరెందుకండీ?"

గదిలో అందరూ ఒక్కసారి పరిశీలకుడి వైపు చూశారు. విశ్వవిద్యాలయపు ఏకైక పురుష అభ్యాసకుడు, పని వేళలో, పదిమంది ముందు, స్పష్టంగా ప్రశ్న అడిగాడు. పరిశీలకుడు పెన్ను తీశాడు. కాసేపు చూశాడు. పెన్ను జేబులో పెట్టుకుని, గుత్తివంకాయలో నువ్వులు వేయించి వెయ్యాలా, పచ్చివే వెయ్యాలా అని పక్కావిడని అడిగాడు.

జోగారావు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నాకు తెలీదండి," అన్నాడు. "పదండి, చూద్దాం."

దగ్గు రాలేదు.